‘సటైవా’ అంటే ఏమిటి?

వ్యవసాయ కళాశాలలో చేరిన విద్యార్థులు తొలి సంవత్సరంలోనే కంఠస్థం చేసే శాస్త్రీయ నామాలలో వరి పేరు ఒకటి: ఒరైజా సటైవా. ముల్లంగి వద్దకు వచ్చేసరికి అది రఫానస్ సటైవస్ అవుతుంది, వెల్లుల్లి వద్ద అల్లియం సటైవమ్ అవుతుంది. ఒకే మాట ఇలా మూడు రూపాలు ఎందుకు దాల్చిందో చెప్పకుండా పాఠం ముందుకు సాగితే, శాస్త్రీయ నామం అర్థం తెలియని మంత్రంగానే మిగిలిపోతుంది.

లాటిన్‌లో ‘సెరెరే’ అనే క్రియకు విత్తుట అని అర్థం. దాని నుంచి ‘విత్తబడిన’ అనే అర్థంలో ‘సటుస్’ అనే కృదంతం, దానికి ప్రత్యయం చేరి ‘సటైవస్’ అనే విశేషణం ఏర్పడ్డాయి. విత్తనాన్ని తెలిపే ‘సెమెన్’ కూడా ఈ కుటుంబానిదే. తెలుగులో ‘విత్తు’ అనే ఒక్క మాట క్రియగానూ నామవాచకంగానూ నిలిచినట్లు, అక్కడ ఒకే ధాతువు పనికీ వస్తువుకూ పేరు పెట్టింది. ఆంగ్లంలోని ‘సీజన్’ సైతం విత్తడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే ఫ్రెంచి మీదుగా వచ్చింది. అంటే ఋతువుకు మూలం విత్తే అదును.

క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ సాగు మొక్కలను అడవి మొక్కల నుంచి వేరు చేయడానికి ఈ విశేషణాన్నే వాడాడు. లిన్నేయస్ 1753లో ప్రకటించిన ‘స్పీషీస్ ప్లాంటారమ్’లో అది జాతి నామంగా స్థిరపడింది. ఆకు ఆకారాన్ని గానీ పువ్వు రంగును గానీ ఈ మాట తెలుపదు. మొక్కకు మనిషితో గల సంబంధాన్ని మాత్రమే తెలుపుతుంది. వరికీ బఠాణీకీ కొత్తిమీరకూ వృక్షశాస్త్రపరంగా దగ్గరి చుట్టరికం లేదు, అన్నింటినీ మనిషి విత్తాడు, అంతే. చేలలో తనంతట మొలిచే కలుపు కన్వాల్వులస్ ఆర్వెన్సిస్‌లో ‘ఆర్వెన్సిస్’ అంటే దున్నిన పొలానికి చెందినది. ఈ రెండు విశేషణాల అర్థం తెలిస్తే పంటకూ కలుపుకూ ఉన్న భేదం పేర్లలోనే కనిపిస్తుంది.

ఇక వ్యాకరణం. తెలుగులో ‘మంచి’ కొడుకుకైనా కూతురుకైనా చేనుకైనా మారదు. లాటిన్ విశేషణం మాత్రం, సంస్కృతంలో వలె, విశేష్యపు లింగాన్ని అనుసరిస్తుంది. ప్రజాతి నామం పుంలింగమైతే సటైవస్, స్త్రీలింగమైతే సటైవా, నపుంసకమైతే సటైవమ్. అయితే ప్రజాతి నామం చివరి అక్షరాన్ని మాత్రమే చూసి లింగం నిర్ణయించరాదు. రావి ఫైకస్ రెలిజియోసా, చింత టామరిండస్ ఇండికా. ‘అస్’తో ముగిసినా చెట్ల పేర్లను స్త్రీలింగంగా భావించడం లాటిన్ సంప్రదాయం.

ఇదంతా భాషావేత్తల వ్యవహారమని తోసిపుచ్చడం సరికాదు. అపరాల మీద పనిచేసేవారికి దీనితో నేరుగా పని పడుతుంది. పెసర ఒకప్పుడు ఫేసియోలస్ రేడియేటస్. విగ్నా ప్రజాతికి మారినప్పుడు అది విగ్నా రేడియేటా అయింది. అదే మార్పు పొందిన మినుము మాత్రం ఫేసియోలస్ ముంగో నుంచి విగ్నా ముంగోగానే వచ్చింది. ‘ముంగో’ నామవాచకం కాబట్టి దానికి లింగానుసరణ లేదు. ఈ భేదం ఎరుగనివారు ‘విగ్నా రేడియేటస్’ అని రాయవచ్చు, లేదా ‘ముంగో’ను అనవసరంగా సరిదిద్దవచ్చు. పైగా హిందీలో ‘మూంగ్’ అంటే పెసర, శాస్త్రీయ నామంలో ‘ముంగో’ మినుము. పాత వ్యాసాలలో ‘ముంగో’ కనిపించినప్పుడు అక్కడ చర్చిస్తున్నది ఏ పంటో వర్ణన చదివి నిర్ధారించుకోవలసినదే. కంప్యూటర్ పర్యాయనామాల పట్టికను చూపగలదు, కానీ రచయిత ఏ పైరును చూసి రాశాడో చెప్పలేదు.

లాటిన్ భాషను పూర్తిగా నేర్పాలని ఎవరూ కోరరు. పంటల పేర్లలో తరచుగా వచ్చే ఇరవై విశేషణాలను, వాటి మూడు రూపాలను రెండు తరగతులలో చెప్పవచ్చు. ప్రశ్నపత్రంలో శాస్త్రీయ నామానికి ఒక మార్కు ఇచ్చే చోట దాని అర్థానికి మరో అర మార్కు కేటాయిస్తే విద్యార్థులే నిఘంటువు తెరుస్తారు.