దుబాయి నుండి వచ్చినవారు చెప్పని మాట

తెలంగాణమును గూర్చి ముచ్చటించునపుడు “బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి” అను మాట దొర్లక మానదు. వీనిలో బొంబాయి దారి మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములకు పాతది. ‘పాలమూరు లేబర్’ అను పేరుతో మనవారు ఎన్ని ఆనకట్టలు కట్టిరో, ఎన్ని కాలువలు త్రవ్విరో లెక్క లేదు. దుబాయి దారి దాని తరువాతిది. (జెడ్డా, రియాదు, మస్కటు, కువైటు, మన పల్లెలలో అన్నియు దుబాయే!) ఆ దారిన పోయి వచ్చినవారు మన వీధులలో కొందరున్నారు. ఆ దినములను తలచుకొన్నపుడు వారి కన్నులు మెరయును. ఆ మెరుపు అబద్ధము కాదు. కాని వారు చెప్పునది సగమేయని మా అభిప్రాయము.

మేమును ఎం.ఎ. పట్టా చేతబట్టుకొని, కొలువు దొరకక, 2014లో జెడ్డాకు పోయి, ఒక గిడ్డంగిలో సరకుల లెక్కలు వ్రాసి, రెండేండ్లకు తిరిగి వచ్చినాము. ఆ రెండేండ్లు మాకు నేటికిని తీపియే. రంజాను మాసమున మగ్రిబ్ వేళకు కూడలిలో ఆగిన ప్రతి బండిలోనికి ముక్కుమొగము తెలియని యువకులు ఖర్జూరములు, నీళ్ళు, మజ్జిగ సీసాలు అందించెడివారు. పుచ్చుకొన్నవాడు యజమానియా, కూలివాడా అని చూచువారు లేరు.

అయితే మొదటి మూడు నెలల మాట వేరు. చిన్ననాటినుండి ఖురాను పఠించిన నాలుకకు అరబ్బు దేశములో అడ్డేమి అని మనవారు ధైర్యముతో పోవుదురు. అంగడిలో నిలిచినంతనే ఆ ధైర్యము సడలును. గ్రంథములో ‘మా’ అన్నచోట వీధిలో ‘ఏష్’ అందురు. మనము రమజాన్ అనగా వారు రమదాన్ అని దిద్ది నవ్వుదురు. పేరు అడుగక ‘సదీఖ్’ అని పిలుతురు. స్నేహితుడని దాని అర్థము. పరిచయము లేని పనివానికెల్ల అదే పిలుపు. మనము ఏ ఊరివారమైనను, ఏ మతమువారమైనను వారికి ‘హిందీ’లమే, అనగా హిందూదేశమువారము. గద్వాల వీధిలో మమ్ము ఎన్నడును ఎవరును అట్లు పిలువలేదు. ఆ పిలుపు మాకు మొదట వింతగాను, పిదప ఎంతో ఇష్టముగాను తోచినది.

మొహర్రము వచ్చినది, పోయినది. ఒక్క డప్పు వినబడలేదు. మన ఊళ్ళలో పీరులు లేచినపుడు అలావా చుట్టు ఆడువారిలో సగముమంది ముస్లిములు కారు. ఆ సందడిలో పెరిగినవానికి ఆ నిశ్శబ్దము భరింపరానిది. అక్కడి సమాధులపై పేరైనను ఉండదు. దర్గాల ఉరుసులు చూచిన కన్నులకు అవి వట్టి మట్టి దిబ్బలు. ఎవరి పద్ధతి ఒప్పు అని తీర్పు చెప్పుట మా పని కాదు. ఒకే మతములో ఇన్ని ఇండ్లున్నవని పుస్తకములో చదువుట వేరు, ఆ ఇంటి గడపలో నిలుచుట వేరు.

మా గదిలో ఆరుగురము: కరీంనగరు, రాయచోటి, కోనసీమ, పాలమూరు. ఉర్దూ తెలిసినవారము ముగ్గురమే. కావున వంట, వాటాలు, పోట్లాట అన్నియు తెలుగులోనే. ఒకరి యాస ఒకరికి హాస్యము. విశ్వవిద్యాలయములో మేము నేర్చిన తెలుగుకు అక్కడ ప్రాణము వచ్చినది.

తీపి వెనుక దాగినది మరియొకటి కలదు. మా గదిలో నలుగురి పాస్‌పోర్టులు యజమాని పెట్టెలో నుండెడివి. ఆ కాలమున అతని అనుమతి లేక దేశము విడుచుటకు వీలులేదు. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వము ఈ నిబంధనను సడలించినది గాని, ఇంటి పనివారికిని, ఇంటి డ్రైవర్లకును, తోటమాలులకును ఆ సడలింపు వర్తింపలేదు. మన దేశపు నిబంధనల ప్రకారము పదవ తరగతి తప్పినవారు గల్ఫునకు పోవలెనన్న ప్రభుత్వానుమతి పొందవలెను, ఉత్తీర్ణులకు అక్కరలేదు. డిగ్రీ చదివినవానికి అన్నియు తెలియునని కాబోలు! మన విద్యార్థులు ఈ ‘అన్నియు తెలిసిన’ వర్గములోనివారు. వారు వినిపోవునది మాత్రము మామ తెచ్చిన అత్తరు కథ.

వ్రాయకున్న ఏమగునో మన సీమయే సాక్ష్యము. వనపర్తి సంస్థానాధీశులకు ఆఫ్రికా సిద్దీల అశ్వదళముండెడిది. అది పిదప నిజామునకు చేరినది, హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ పేటకు ఆ పేరు వారి వలననే వచ్చినది. వారు మొదటి రాత్రి వనపర్తిలో ఏమి తినిరో, ఎవరితో ఏ భాషలో మాటలాడిరో చెప్పు పుట ఒక్కటియు మేము చదువలేదు. 1830లో మదరాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆ వనపర్తి మీదుగనే పోయినాడు. తనకు వింతగా తోచినదెల్ల వ్రాసినాడు. అది నేటికిని చదువుచున్నాము.

కావున వచ్చే సంచికలో ఉర్దూ భాగమున ఐదు పుటలు, తెలుగు భాగమున ఐదు పుటలు ఇందుకై కేటాయింపవలెనని కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. విద్యార్థులు తమ తండ్రులను, మామలను, చిన్నాయనలను ఎంత సంపాదించితిరని గాక, మొదటి నెల ఎట్లు గడచినదని అడుగవలెను. ఉత్తరము వ్రాయరానివారు ఒకప్పుడు క్యాసెట్లలో మాటలు పట్టి ఇంటికి పంపెడివారు. కొన్ని ఇండ్లలో అవి ఇంకను ట్రంకు పెట్టెల అడుగున నున్నవి, టేపు పాడగుచున్నది. వాటిని వినిపించు యంత్రమొకటి కమిటీవారు కొనియిచ్చిన, విని వ్రాయించు పనిని తెలుగు, ఉర్దూ శాఖలు పంచుకొనగలవు.