అంబులెన్స్ వెనక సీట్లో ఎవరు కూర్చోవాలి?



పోయిన వారం మన గ్రూపులో పెద్ద చర్చే నడిచింది. ఏజెన్సీ మండలాల్లో అంబులెన్స్ ఉద్యోగాలకు డిగ్రీ అడగడం మానేసి, టెన్త్ పాసైన లోకల్ పిల్లలకే ఇవ్వాలని కొందరు అన్నలు రాశారు. చాలామంది సపోర్ట్ చేశారు. మేము ఆ రోజు ఏమీ రాయలేదు. హాస్టల్లో నలుగురం కూర్చుని రెండు మూడు రాత్రులు మాట్లాడుకున్నాక ఇప్పుడు రాస్తున్నాం. లోకల్ అన్న మాటతో మాకు పేచీ లేదు. క్వాలిఫికేషన్ తగ్గించమన్న మాటతోనే ఉంది. పోస్టు కొంచెం పెద్దది, కోపం తెచ్చుకోకుండా చివరి దాకా చదవండి.

ముందు ఒక రాత్రి సంగతి చెప్పాలి. పోయిన వానాకాలం మాలో ఒకడి వదినకు కొండ మీద ఊళ్ళో నొప్పులొచ్చాయి. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చేసరికి మూడు గంటలు పట్టింది. రోడ్డు మీద అంబులెన్స్ సిద్ధంగానే ఉంది. ఎవరి బండో ఇక్కడ రాయం. రాస్తే ఆ డ్రైవరన్న ఉద్యోగం పోతుంది, ఆయన తప్పేమీ లేదు. బండిలో ఆయన ఒక్కడే వచ్చాడు. వెనక కూర్చోవాల్సిన మనిషి సెలవులో ఉన్నాడట, బదులు ఎవర్నీ వేయలేదట. "మీలో చదువుకున్నోళ్ళు ఎవరైనా ఉంటే వెనక ఎక్కండి బాబూ" అన్నాడు. ఇంటర్ సీఈసీ చదివే మనవాడు ఎక్కాడు. దారిలోనే కాన్పయింది. డోలీతో వచ్చిన ముసలమ్మ బిడ్డను అందుకుంది. ఆ తర్వాత రక్తం ఆగలేదు. మనవాడు ఒక చేత్తో పైన రాడ్డు, ఇంకో చేత్తో టార్చిలైటు పట్టుకుని కూర్చున్నాడు. పక్కన పెట్టెలో మందులున్నాయి, ఏది దేనికో తెలీదు. ఘాట్‌లో సిగ్నల్ లేదు. ఆసుపత్రికి చేరేసరికి ఆమెకు మాట లేదు. రెండు ప్యాకెట్ల రక్తం ఎక్కించారు. తల్లీబిడ్డా బతికారు.

బతికారు కాబట్టి ఆ రాత్రి ఏ లెక్కలోనూ కనిపించదు. బండి వెళ్ళింది, కేసు చేరింది, రిజిస్టర్‌లో అంతే. కాన్పయ్యాక రక్తం పోతుంటే కింది పొట్టను చేత్తో గట్టిగా రుద్దుతూ ఉండాలని, అలా చేస్తే గర్భసంచి ముడుచుకుని రక్తం తగ్గుతుందని మాకు మర్నాడు నర్సమ్మ చెప్పింది. దానికి మందు కూడా అక్కర్లేదు, తెలిసిన చెయ్యి ఉంటే చాలు. మనవాడు ఆ మాట విని బయటికెళ్ళి చాలాసేపు లోపలికి రాలేదు.

ఇప్పుడు రూల్స్ సంగతి చూద్దాం. మన దేశంలో బండికి రూలు బాగానే ఉంది. ఏఐఎస్-125 అని ఒక ప్రమాణం ఉంది. అంబులెన్సులను ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు చేసింది. ఏ రకం రోగి దగ్గరికి వెళ్ళి అక్కడికక్కడ వైద్యం చేయడానికి, బీ రకం పెద్దగా ప్రమాదం లేని రోగిని తీసుకెళ్ళడానికి, సీ రకం బేసిక్ లైఫ్ సపోర్ట్, డీ రకం అడ్వాన్స్‌డ్. బండి ఎలా కట్టాలో, లోపల ఏమేం అమర్చాలో దాంట్లో ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు అంబులెన్స్‌కు దారి ఇవ్వనివాళ్ళకు 10,000 రూపాయల జరిమానా పెట్టారు. డ్రైవరుకు లైసెన్స్ కావాలి, బండికి ఫిట్‌నెస్ కావాలి. చెక్‌పోస్టు దగ్గర ఆపితే ఈ కాగితాలన్నీ అడుగుతారు. వెనక కూర్చున్న మనిషి కాగితం అడిగిన చెక్‌పోస్టును మేమింతవరకు చూడలేదు.

మన కొండలకు 2018లో వచ్చిన ఫీడర్ అంబులెన్స్‌నే తీసుకోండి. బైకు, పక్కన పడక. అది రావడం మంచిదే, దానివల్ల డోలీ మోత తగ్గిన ఊళ్ళు ఉన్నాయి, కాదనం. కానీ పైన చెప్పిన ప్రమాణంలో బైకులు వచ్చేది ఏ రకంలోకి. ఆ రకంలో రోగికి వైద్యం చేస్తూ తీసుకెళ్ళే ఏర్పాటు ఉండదు. మన దగ్గర దాని మీదే రోగిని పడుకోబెట్టి తీసుకెళ్తున్నారు. హ్యాండిల్ పట్టుకున్నవాడు నాడి పట్టుకోలేడు కదా. రోగికి ఫిట్స్ వస్తే బండి ఆపి దిగి చూడాల్సిందే. ఒక్క మనిషితో నడిచే బండి కాబట్టి ఆ ఒక్కడికి మామూలు డ్రైవరు కంటే ఎక్కువ నేర్పాలి. అక్కడే మనం తక్కువ అడుగుతున్నాం.

108 ఎలా పనిచేస్తుందో గుర్తు చేసుకోండి. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. డ్రైవరును పైలట్ అంటారు, వెనక ఉండే మనిషిని ఈఎంటీ అంటారు. ఈఎంటీ డాక్టరు కాదు. కాల్‌సెంటర్‌లో డాక్టరు ఉంటారు, ఈఎంటీ ఫోన్ చేసి రోగి పరిస్థితి చెబితే ఆయన ఏ మందు ఇవ్వాలో, ఏం చేయాలో చెబుతారు. ఏర్పాటు మంచిదే, విశాఖలోనో విజయవాడలోనో ఫోన్ మోగినంత కాలం. మన ఘాట్‌లో, మన లోయల్లో సిగ్నల్ పోయిన ముప్పావుగంట ఆ ఈఎంటీకి డాక్టరు ఉండడు. తనే నిర్ణయం తీసుకోవాలి. అంటే మైదానంలో ఈఎంటీకి ఎంత తెలియాలో, ఏజెన్సీ ఈఎంటీకి అంతకంటే ఎక్కువ తెలియాలి. "ఏజెన్సీయే కదా, అడ్జస్ట్ అవుదాం" అని బయటివాళ్ళు అంటే మనకు మండుతుంది. అదే మాట మనమే అర్జీలో రాసి ఇద్దామా?

రోగాలు కూడా వేరు. సికిల్ సెల్ ఉన్న పిల్లాడికి కీళ్ళ నొప్పి, ఛాతీ నొప్పి వస్తే తెలియనివాడు ఒళ్ళునొప్పులని తీసిపారేస్తాడు. తెలిసినవాడు ఆక్సిజన్ ఎంతుందో చూస్తాడు, దగ్గరి పీహెచ్‌సీ దాటి పెద్దాసుపత్రికి వెళ్ళాలని చెబుతాడు. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, 2047 నాటికి పోగొడతామంది. కార్డులు వస్తున్నాయి. ఆ కార్డు చూసి అర్థం చేసుకునే మనిషి బండిలో ఉన్నాడా అన్నది మా ప్రశ్న.

"అయితే చదువుకున్నోడు కొండకు రాడు, వచ్చినా బదిలీ చేయించుకుని పోతాడు, మన భాష రాదు" అని అన్నలు రాశారు. మూడూ నిజమే. ఆ రాత్రి ఆసుపత్రిలో కూడా వదినకు కువి తప్ప ఏదీ రాక, ఎప్పటి నుంచి నొప్పులని అడిగితే తల ఊపింది, వాళ్ళు దాన్ని ఔననుకున్నారు. ఏం ఔనో ఎవరికీ తెలీదు.

కానీ దీనికి మందు క్వాలిఫికేషన్ తగ్గించడమా, క్వాలిఫికేషన్ మన పిల్లల చేతికి ఇవ్వడమా? 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం చేసింది. దాని షెడ్యూల్‌లో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్, అంటే పారామెడిక్, పేరు పెట్టి ఉంది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల చదువు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే 3,600 గంటలు. రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. ఇవాళ టెన్త్ మీద సడలింపుతో మన తమ్ముళ్ళను చేర్చుకుంటే, రేపు ఆ రిజిస్టర్ గట్టిగా అడిగే రోజున ముందు బయటికి వెళ్ళేది వాళ్ళే. లేదంటే హెల్పర్ అని పేరు మార్చి సగం జీతానికి ఉంచుతారు. మన వాళ్ళు ఎన్ని చోట్ల అలా ఉండిపోయారో మీకు మేము చెప్పాలా.

ఇంకో సంగతి. "వంద శాతం లోకల్" అని అర్జీలో రాయడం తేలిక. జీవో 3 ఏమైందో మనందరికీ తెలుసు. 2000లో వచ్చిన జీవోను, టీచర్ పోస్టుల్లో వంద శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బ ఇంకా మానలేదు. అదే మాటతో మళ్ళీ వెళ్తే అదే తీర్పు చూపిస్తారు. అందుకే మేము వేరే దారి అంటున్నాం. ఆ బండి తిరిగే ఊళ్ళ భాష మాట్లాడగలగడం ఈఎంటీ అర్హతల్లో ఒకటిగా పెట్టమందాం. అది ఎవరికో చేసే దయ కాదు, రోగిని ప్రశ్న అడగలేనివాడు ఆ పనికి సరిపోడు, అంతే. ఆ భాష నేర్చుకుని వచ్చిన మైదానం అబ్బాయి ఉంటే రానివ్వండి, మాకేం అభ్యంతరం లేదు. ఎంతమంది వస్తారో చూద్దాం!

దాంతోపాటు సీట్లు అడుగుదాం. పాడేరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. దానికి అనుబంధంగా ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ కోర్సు పెట్టి, హాస్టల్ ఇచ్చి, మన ఇంటర్ బైపీసీ పిల్లల్ని చేర్చుకోమందాం. ఇప్పటికే ఫీడర్ నడుపుతున్న అన్నలకు జీతం ఆపకుండా విడతలుగా చదివే వీలు ఇవ్వాలి. ఇన్నేళ్ళు గతుకుల్లో రోగుల్ని మోసినవాళ్ళకు కొత్త రూలు పేరుతో గేటు వేయడం న్యాయం కాదు. బైపీసీ లేని వాళ్ళ సంగతేంటని మాలోనే ఒకడు అడిగాడు. బ్రిడ్జి కోర్సు అడగాలి, దాని మీద మాకు కూడా ఇంకా స్పష్టత రాలేదు, తెలిసినవాళ్ళు చెప్పండి.

మనుషుల లెక్క కూడా అర్జీలో రాయాల్సిందే. పన్నెండు గంటల డ్యూటీ అయితే పగలు ఇద్దరు, రాత్రి ఇద్దరు, బండికి నలుగురు. వారాంతపు సెలవులు, జ్వరాలు, పండగలు కలిపితే ఇంకో పైలట్, ఇంకో ఈఎంటీ లేకుండా ఆ బండి ఏడాదంతా నిండుగా నడవదు. ఆరుగురు కావాల్సిన చోట నలుగురే ఉంటే ఏదో ఒక రాత్రి వెనక సీటు ఖాళీగా వస్తుంది. ఆ రాత్రి మనకు వచ్చింది. ఈఎంటీ లేకుండా బండి బయల్దేరితే ఆ సంగతి ఫోన్ చేసినవాళ్ళకు ముందే చెప్పాలి, రికార్డులో రాయాలి. ముందే తెలిసి ఉంటే ఆశా అక్కనో, ఏఎన్ఎం మేడంనో వెంట తెచ్చుకునేవాళ్ళం. ఆవిడ ఇల్లు రోడ్డు పక్కనే.

వచ్చే గ్రీవెన్స్ రోజున ఐటీడీఏలో ఇవ్వడానికి అర్జీ రాస్తున్నాం. టెన్త్ చాలన్న అన్నలు కూడా వచ్చి మాతో కూర్చోండి, అక్కడే వాదించుకుందాం. అర్జీతోపాటు ఒక పేజీ జత చేయాలనుకున్నాం. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎన్నో నెల, ఏ పాము చూశావు, ముందు ఏ మందు తిన్నావు, ఇలా ఈఎంటీ తప్పకుండా అడగాల్సిన పది ప్రశ్నలు మన భాషల్లో. కువి, ఆదివాసీ ఒడియా అయ్యాయి. కోయలో ఆరు రాశాం. సవర మాలో ఎవరికీ రాదు. సీతంపేట వైపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆదివారంలోపు రాసి పంపండి.