నీతికి సాక్షిగా మనువు

ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ (1898–1963) విశ్వాసాన్ని గురించీ, నీతిని గురించీ రాసిన ఏడు పుస్తకాలు ఒకే సంపుటంగా లభిస్తున్నాయి. విడివిడిగా చదివినప్పుడు కనిపించని ఒక విశేషం ఇందులో కనిపిస్తుంది. రచయిత తనకు తానే జవాబు చెప్పుకుంటాడు.

1940 నాటి 'ది ప్రాబ్లమ్ ఆఫ్ పెయిన్'లో ఆయన బాధకు తార్కికమైన సమాధానం చెప్పాడు. 1960లో భార్య జాయ్ మరణించింది. మరుసటి ఏడు మారుపేరుతో వెలువరించిన 'ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్'లో ఆ తర్కం ఆయనను ఆదుకోలేదు. దేవుణ్ణే నిలదీశాడు. విశ్వాసాన్ని వదులుకోలేదు గాని, మునుపటి ధీమా మిగలలేదు.

ఇదే పరీక్ష 'ది అబాలిషన్ ఆఫ్ మ్యాన్' (1943)కు కూడా పెట్టాలని నా అభిప్రాయం. మంచిచెడులు మనిషి ఇష్టానుసారం కల్పించుకున్నవి కావని ఆ పుస్తకం వాదిస్తుంది. చివర అనుబంధంలో బాబిలోనియా, ఈజిప్టు, చైనా, భారతదేశాల ప్రాచీన వాక్యాలను ఉదాహరణలుగా చూపాడు. వాటిలో మనుధర్మశాస్త్రం ఒకటి. క్రూరత్వాన్నీ, పరనిందనూ నిరసించే వాక్యాన్ని ఒక ఫ్రెంచి గ్రంథం నుండి తీసుకున్నాడు.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఆగకుండా ఉండలేడు. ద్విజుణ్ణి దూషించిన శూద్రుడి నాలుక కోయమన్నదీ, శూద్రుడు ధనం కూడబెట్టరాదన్నదీ ఆ శాస్త్రమే. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో దానిని దహనం చేశారు. ఆయన తరతరాల అవమానాన్ని ఎరిగి అందులోని వాక్యాలను చదివాడు. లూయిస్ ఏరిన వాక్యాలను మాత్రమే చూశాడు.

లూయిస్‌కు అన్యాయం చేయకూడదు. అందరూ అంగీకరించారు గనుక ఇది సత్యమని తాను నిరూపించబోవడం లేదని ఆయనే స్పష్టంగా చెప్పాడు. పైగా మనువును తప్పని మనం అంటున్నామంటే, మనువుకు పైన ఒక న్యాయం ఉందని ఒప్పుకుంటున్నట్టే. ఆ మేరకు మహద్ మంటలు లూయిస్ వాదానికి అనుకూలమే. కాని ఆ న్యాయాన్ని వెదకవలసిన చోటు శాస్త్రకారుల సూక్తులు కావు, శాస్త్రం కింద నలిగినవారి నిరాకరణ. క్రూరత్వం కూడదన్న వాక్యం ఎవరికి వర్తించిందో, ఎవరికి వర్తించలేదో అడగకుండా దానిని నీతికి సాక్ష్యంగా నిలబెట్టలేము.

బాధ విషయంలో లూయిస్‌కు అనుభవం నేర్పిన పాఠమిదే. నీతి విషయంలో ఆ పాఠం ఆయన పుస్తకంలో లేదు. దానిని మన చదువు పూరించాలి. అందుకే ఈ సంపుటాన్ని చదవమంటాను, అంబేద్కర్‌ను పక్కన పెట్టుకొని.