మధుమేహపు మందును మన మోకాళ్లును

మోకాటి నొప్పిని ముసలితనమునకు ముడివెట్టి సరిపెట్టుకొనుట మనకు వాడుకయైనది. నల్లగొండ, మహబూబునగరము సీమలలో ఈ సరిపెట్టుకొనుట తగదు. దేశమున పెక్కు ఆనకట్టలకు మట్టి మోసినవారు పాలమూరి కూలీలు. నల్లగొండ పల్లెలలో తరతరములుగా ఫ్లోరైడు నీరు ద్రావిన జనుల యెముకలు బిగిసి వంగిపోయినవి. తరువాత కృష్ణాజలము వచ్చినను, వంగిన యెముక తిన్నగాదు. ఇట్టిచోట మోకాలు చెడుట యన కుటుంబపు జీవనాధారము కూలుటయే.

కీలునందు ఎముకల కొనలను గప్పియుండు మెత్తని పొర మృదులాస్థి. దానికి రక్తనాళములు లేవు గనుక, అరిగినచో మరల పెరుగుట దుర్లభము. నేడు లభించు మాత్రలు నొప్పిని మరపించునే గాని అరుగుదలను నిలుపవు.

ఇప్పుడొక యాశ పొడచూపినది. 1957లో ఫ్రాన్సు దేశమున మధుమేహ చికిత్సకు వచ్చిన మెట్‌ఫార్మిన్ అను చవుక మందు, మృదులాస్థి కణముల నాశమును తగ్గించునని జంతువులపై జరిగిన పరిశోధనలు సూచించుచున్నవి. 2025లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయమువారు బరువెక్కువగల 107 మంది మోకాటి రోగులను ఆరు నెలలు పరీక్షించిరి. నూరు మెట్ల కొలతపై నొప్పి మందు దిన్నవారికి సుమారు 31 మెట్లును, ఉత్తుత్తి మాత్ర దిన్నవారికి సుమారు 19 మెట్లును తగ్గెను.

ఇది శుభవార్తయే, కాని తొందరపాటు తగదు. నొప్పి తగ్గినంతమాత్రమున మృదులాస్థి నిలిచెనని చెప్పరాదు. పరీక్షింపబడినవారు స్థూలకాయులు, మన కూలీలలో అనేకులు బక్కపలచనివారు. ఫ్లోరైడును మెట్‌ఫార్మినును ఒంటినుండి వెడలుటకు ప్రధానమార్గము మూత్రపిండములే. అవి మిక్కిలి చెడినవారికి ఈ మందు ఈయరాదు. కావున వైద్యుని యడుగక అంగడిలో కొని మ్రింగుట ప్రమాదకరమని మా పాఠకులను హెచ్చరించుచున్నాము.

మరి మనవారికి తగునో తగదో తేల్చువారెవరు? ఈ మందుపై ఏ కంపెనీకిని గుత్తహక్కు మిగిలిలేదు. లాభము లేనిచోట వర్తకుడు పెట్టుబడి పెట్టడు. అది వర్తకుని తప్పు గాదు. ప్రజల సొమ్ముతో నడచు సంస్థలే పూనుకొనవలయును. పటిక, సున్నములతో నీటిలోని ఫ్లోరైడును తొలగించు పద్ధతిని నాగపూరు పరిశోధనాలయమువారు కనిపెట్టగా, అది నల్లగొండ పేరనే ఆఫ్రికా దేశములవరకు బోయెను. మన బాధనుండి లోకమునకు విద్య పుట్టుట క్రొత్తగాదు.

మహబూబునగరము, నల్లగొండలలో ప్రభుత్వ వైద్యకళాశాలలున్నవి. బీబీనగరమున అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ యున్నది. ఈ మూడును గలిసి ఇచ్చటి రోగులపై, వారి సమ్మతితో, క్రమమైన పరీక్ష నారంభింపవలెను. ప్రభుత్వము దానికి ధనమీయవలెను. అన్యదేశపు మోకాళ్లపై తేలిన ఫలితమును అరువు దెచ్చుకొని తృప్తిపడుట మన కూలీలకు న్యాయము గాదు.