మట్టిలోకి వెళ్లిన కప్పను తవ్వకండి, పారేయకండి

అమెరికాలో కప్పలు పెంచుతున్న తెలుగు కుటుంబాలకు, బడి టీచర్లకు, పెట్ షాపులవారికి మనవి

డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్లలో అటక మీది సూట్‌కేసులు కిందికి దిగుతాయి. పిల్లల సెలవులు, ఇండియా టికెట్లు, పెళ్లిళ్లు, తిరిగొచ్చేసరికి సంక్రాంతి. బయల్దేరేముందు కరెంటు బిల్లు కలిసొస్తుందని థర్మోస్టాట్‌ను 58కో 60కో తగ్గిస్తాం. మొక్కలకు నీళ్లు పోయమని పక్కింటివాళ్లకు తాళం ఇస్తాం. పిల్లవాడి గదిలో గాజు తొట్టిలో ఉన్న ప్యాక్‌మ్యాన్ కప్ప సంగతి మాత్రం "వారానికోసారి తింటుంది, దానికేం కాదులే" అన్న మాటతో తేలిపోతుంది. జనవరిలో తలుపు తీస్తే తొట్టిలో కప్ప ఉండదు. కొబ్బరి పొట్టు కెలికితే అడుగున ప్లాస్టిక్ కవరు బిగించి చుట్టినట్టున్న ఎండు ముద్ద ఒకటి చేతికి తగులుతుంది. కదలదు, మెదలదు. చచ్చిపోయిందనుకుని దాన్ని చెత్తబుట్టలో వేసిన ఇళ్లున్నాయి. ఆ ముద్ద బతికి ఉండి ఉండొచ్చు.

ఈ కరపత్రం కోరేది ఒక్కటే. కప్పను అమ్మే ప్రతి దుకాణమూ, అది మట్టిలోకి వెళ్లి నిద్రపోతే ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసిన కాగితం చేతికిచ్చి మరీ అమ్మాలి. ఆ కాగితం వచ్చేదాకా మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి.

ముందు ఆ ముద్ద ఏమిటో చూద్దాం. ప్యాక్‌మ్యాన్ పేరుతో ఇక్కడ అమ్మే కప్పల్లో బాగా దొరికేది క్రాన్‌వెల్ కొమ్ము కప్ప. దాని సొంతూరు అర్జెంటీనా, పరాగ్వే, బొలీవియాల్లో పరచుకున్న గ్రాన్ చాకో మైదానం. అక్కడ వానలు కురిసి ఆగిపోతే నేల బీటలు వారుతుంది. అప్పుడు కప్ప వెనక కాళ్లతో మట్టిని పక్కలకు నెట్టుకుంటూ, వెనక్కి వెనక్కి దిగిపోతుంది. మామూలు రోజుల్లో ఒంటి మీది పాత చర్మాన్ని విడిచి తినేసే ప్రాణి, ఇప్పుడు దాన్ని విడవదు. పొర మీద పొర పేరుకుని ఒళ్లంతా గట్టి తొడుగు అవుతుంది. గాలికి ముక్కు రంధ్రాలు మాత్రం తెరిచి ఉంటాయి. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆ తొడుగు కాపాడుతుంది. దుకాణాల్లో 'పిక్సీ' అని పిలిచే ఆఫ్రికా బుల్‌ఫ్రాగ్ కూడా ఇదే పని చేస్తుంది.

అంత దూరం పోనక్కర్లేదు. ఫీనిక్స్, టూసాన్‌లలో ఉన్న మనవాళ్లు జులై వానలకు రోడ్ల మీద గంతులేసే కౌచ్ స్పేడ్‌ఫుట్‌ను చూసే ఉంటారు. ఏడాదిలో ఎక్కువ భాగం అది సోనోరన్ ఎడారి నేల కిందే గడుపుతుంది. 1980లో మార్క్ డిమిట్, రొడాల్ఫో రుయిబల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, దాన్ని లేపేది తడి కాదు, వాన నేలను కొట్టే అదురు అని చూపించారు. బయటికొచ్చాక దానికి వ్యవధి లేదు. నీటి గుంట ఎండేలోపు గుడ్డు పిల్లకప్ప కావాలి. పది రోజుల లోపే అయిపోతుంది కూడా. ఉత్తరాన అలాస్కాలోని వుడ్ ఫ్రాగ్ కథ ఇంకా ఆశ్చర్యం. ఒంట్లోని నీటిలో దాదాపు మూడింట రెండొంతులు గడ్డకట్టి, గుండె ఆగిపోయి, రాలిన ఆకుల కింద అది శీతాకాలం గడిపేస్తుంది. కణాలు చెడిపోకుండా కాలేయం విడుదల చేసే చక్కెర అడ్డు పడుతుంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లోని అలాస్కా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రకటించిన లెక్క ప్రకారం, అక్కడి కప్పలు ఏడు నెలల దాకా అలా గడ్డకట్టి ఉండి, వసంతంలో లేచి వెళ్లిపోయాయి.

మన ఊళ్లో ఎండాకాలమంతా జాడలేని గోదురు కప్పలు తొలకరికి ఒక్కసారిగా గొంతెత్తడం విన్న తాతయ్యకు ఇదంతా చెప్పనక్కర్లేదు. చిక్కేమిటంటే, గాజు తొట్టిలో ఉన్న కప్ప పొలంలో లేదు. దానికి ఈ నిద్ర తప్పనిసరి కాదు. వెచ్చదనం, తేమ, తిండి ఏడాది పొడవునా సరిగా అందితే అది నిద్ర లేకుండానే హాయిగా బతుకుతుంది. మరి నవంబరులో ఎందుకు దిగిపోతుంది? మన ఫర్నేసు వల్ల. గదిని వేడి చేసే గాలి మన పెదాలను పగలగొట్టినట్టే తొట్టిని కూడా ఎండబెడుతుంది. పైన ఎండిపోయింది, రాత్రిపూట చల్లబడింది, కాబట్టి వానల్లేని కాలం వచ్చేసిందని కప్ప తీర్మానించుకుంటుంది. పాపం, దాని తర్కంలో తప్పేం లేదు.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. కళ్లు మాత్రం బయటపెట్టి మిగతా ఒంటిని మట్టిలో దాచుకోవడం కొమ్ము కప్పకు రోజువారీ పని, అది వేట కోసం మాటు వేసే తీరు. దానికి కంగారు పడకండి. కళ్లు కూడా కనిపించకుండా దిగిపోయి, వారాల తరబడి తిండి ముట్టకుండా, చర్మం ఎండి బిరుసెక్కితే అది నిద్ర.

ఇక అసలు ప్రమాదం తొట్టి కింద ఉంటుంది. దుకాణంలో కప్పతోపాటు అంటగట్టే హీట్ మ్యాట్‌ను చాలామంది తొట్టి అడుగున అంటిస్తారు, పెట్టె మీద బొమ్మ కూడా అలాగే ఉంటుంది. కప్ప జాతికి తెలిసింది ఒకటే: పైన వేడెక్కితే కిందికి దిగు, కింద చల్లగా ఉంటుంది. ఏ మైదానంలోనైనా అది నిజమే. మన తొట్టిలో మాత్రం కిందికి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. తప్పించుకోవాలని కప్ప ఇంకా లోతుకు పోతుంది, చివరికి అద్దానికి పొట్ట ఆనించి కాలిపోతుంది. మ్యాట్‌ను పక్క గోడకు అంటించి, థర్మోస్టాట్‌కు తగిలిస్తే ఈ బాధ ఉండదు. పగలు 75 నుంచి 82 డిగ్రీల మధ్య ఉంటే దానికి చాలు. ఇంత చిన్న సంగతి పెట్టె మీద ఎందుకు అచ్చు వేయరో నాకు అర్థం కాదు.

కప్ప నిద్రలోకి వెళ్లిపోయిందనుకోండి. పిల్లలు రోజూ తవ్వి చూడకుండా ఆపండి. తవ్విన ప్రతిసారీ అది దాచుకున్న శక్తి కొంత ఖర్చవుతుంది. ముందు తొట్టిని సరిచేయండి, వెచ్చదనం, తేమ రెండూ. కొన్నాళ్లకు అదే పైకి వస్తుంది. రాకపోతే నెమ్మదిగా పైకి తీసి, గోరువెచ్చని నీళ్లలో, ముక్కు మునగనంత లోతులో కూర్చోబెట్టండి. కుళాయి నీళ్లు నేరుగా వద్దు. చాలా నగరాలు నీటిలో క్లోరమైన్ కలుపుతాయి, రాత్రంతా బకెట్లో ఉంచినా అది పోదు. చేపల తొట్టికి వాడే కండిషనర్ కలపండి. తొడుగు నానితే కప్పే దాన్ని నోటితో లాక్కుని తినేస్తుంది, మీరు గోటితో ఒలవకండి. నోరు తెరిచి తిండి కుక్కకండి. చల్లబడిన ఒంట్లో తిండి అరగదు, కుళ్లుతుంది. బతికుందో లేదో అనుమానమైతే గొంతు కింద చర్మం కదలికను ఓపిగ్గా గమనించండి. నిద్రలో అది బాగా నిదానిస్తుంది కానీ పూర్తిగా ఆగదు. చచ్చిన కప్ప అయితే ఆ విషయం ఎక్కువ రోజులు దాచదు, వాసనే చెబుతుంది. ఒళ్లు ఉబ్బినా, పుండ్లు పడినా, కాళ్లు ఎర్రబడినా అది నిద్ర కాదు, జబ్బు. అప్పుడు సరీసృపాలు, ఉభయచరాలు చూసే వెట్ దగ్గరికి వెళ్లాలి. కుక్కల డాక్టరుకు ఇది తెలియకపోవచ్చు.

ఈ విషయంలో సలహాలు కప్పల తక్కెడ. ఒకరు లేపమంటారు, ఒకరు వద్దంటారు, ఇంకొకరు కావాలని చల్లబెట్టి నిద్రపుచ్చమంటారు. గుడ్లు పెట్టించడానికి చల్లబెట్టి, ఎండబెట్టి, తర్వాత కృత్రిమంగా వాన కురిపించే బ్రీడర్లున్న మాట నిజమే. అది వాళ్ల వృత్తి, వాళ్లు ముందు కప్ప బరువు చూసి, కడుపు ఖాళీ అయ్యేదాకా ఆగి చేస్తారు. పిల్లల గదిలో ఆ ప్రయోగం వద్దు.

విసిగిపోయి కప్పను పెరటి చెరువులో వదిలేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. జనవరి చలికి గ్రాన్ చాకో కప్ప బతకదు. బతికితే ఇంకా చేటు: అది మోసే జబ్బు స్థానిక కప్పలకు సోకొచ్చు, లేదా అదే చెరువంతా నిండిపోవచ్చు. చర్మాన్ని తినే కైట్రిడ్ బూజును అమెరికాలోనే, వాషింగ్టన్ జాతీయ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన నీలి డార్ట్ కప్పల నుంచి తీసి 1999లో పేరు పెట్టారు. ప్రపంచంలో కనీసం 501 ఉభయచర జాతులు దానివల్ల తగ్గిపోయాయని 2019లో లెక్క తేలింది. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులోని లిల్లీ చెరువు ఆఫ్రికా గోళ్ల కప్పలతో నిండిపోయి, వాటిని ఏరిపారేయడానికి అధికారులు ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. పెరట్లో పట్టిన స్థానిక కప్ప సంగతి వేరు. దాన్ని పట్టుకున్న రోజే, పట్టుకున్న చోటే వదలండి. అక్టోబరులో వెచ్చని ఇంట్లోకి తెచ్చి పెడితే దాని నిద్ర చెడుతుంది.

ఇప్పుడు మేము అడిగేది. ఈ దేశానికి ఇలాంటి నియమాలు కొత్త కాదు. నాలుగు అంగుళాల కన్నా చిన్న డొప్ప ఉన్న తాబేళ్లను పెంపకానికి అమ్మడం 1975 నుంచీ నిషేధం, పిల్లలకు సాల్మనెల్లా సోకుతోందని. మేము నిషేధం అడగడం లేదు, కాగితం అడుగుతున్నాం. కాలిఫోర్నియాలో పెంపుడు ప్రాణిని అమ్మే దుకాణం, దాని నివాసం, పరికరాలు, శుభ్రత, వాతావరణం, తిండి గురించి రాతపూర్వక సూచనలు ఇవ్వాలని చట్టమే ఉంది. అందులోకి ఈ మట్టి నిద్ర సంగతి కూడా చేరాలి. అలాంటి చట్టం లేని రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు తమ శాసనసభ్యులకు రాయాలి. తరగతి గదిలో కప్పను పెంచే బడులు, శీతాకాల సెలవుల్లో భవనం హీటింగ్ తగ్గించేముందు దాన్ని ఎవరింటికి పంపాలో నవంబరులోనే తేల్చుకోవాలి.

"పాతిక డాలర్ల కప్పకు ఇంత హంగామానా?" అంటారు దుకాణంవారు. కొమ్ము కప్ప బాగా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది. రెండో తరగతిలో కొనిచ్చిన కప్ప పిల్లవాడు డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేనాటికీ ఉంటుంది. టోస్టరు కొంటే నాలుగు భాషల్లో పుస్తకం ఇస్తున్నారు కదా.

మనం చేయగలిగినదానికి చట్టం దాకా ఆగక్కర్లేదు. వెకేషన్‌కు వెళ్లేటప్పుడు తొట్టి ఉన్న గది 70కి తగ్గకుండా చూసుకోండి. లేదా కప్పను ఎవరింట్లోనైనా దింపి వెళ్లండి. ఇండియా నుంచి వచ్చి ఇంట్లో ఉండే అమ్మమ్మ, తాతయ్యల కోసం తొట్టి మీద తెలుగులో ఒక చీటీ అంటించండి: "కప్ప కనిపించకపోతే తవ్వొద్దు, పారేయొద్దు, మాకు ఫోన్ చేయండి. తొట్టి ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోండి." ఈసారి కప్ప కొనడానికి వెళ్తే, డబ్బు ఇచ్చేముందు కౌంటరు దగ్గర అడగండి: ఇది మట్టిలోకి వెళ్లిపోతే ఏం చేయాలో రాసివ్వగలరా? రాసివ్వలేకపోతే ఆ రోజుకు కప్పను వాళ్ల దగ్గరే ఉంచి రండి.