ర్యాంకు వచ్చింది, లోకల్ అవునా కాదా తేలలేదు

మూడు గంటల పరీక్ష, నాలుగు నెలల ఎదురుచూపు. 2025లో తెలంగాణ పిల్లల డాక్టర్ చదువు లెక్క ఇట్ల ఉన్నది. మే 4న నీట్ రాసిన్రు. జూన్ 14న ర్యాంకులు వచ్చినయి. ఆ ర్యాంకు పట్టుకొని ఈ రాష్ట్రంలో స్థానిక కోటా సీటు అడిగే హక్కు ఎవరికి ఉన్నదో సుప్రీంకోర్టు చెప్పింది మాత్రం సెప్టెంబర్ 1న. అప్పటిదాకా వేల ఇండ్లల్ల ఒక్కటే ముచ్చట. లిస్టు ఎప్పుడు పెడతరు? పెడితే మా పిల్ల పేరు లోకల్ల ఉంటదా, నాన్ లోకల్ల ఉంటదా?

అమెరికాలో ఉన్న మన చుట్టాల పిల్లలు మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూ ఇచ్చి నెలల తరబడి కబురు కోసం చూస్తుంటరు. వెయిటింగ్ లిస్టుల పడితే వేసవి దాకా తెగదు. అక్కడి తల్లిదండ్రుల గుబులు చిన్నదని ఎవరన్నరు? కాకపోతే వాళ్లకు అర్హత ఏందో దరఖాస్తు నింపే రోజే తెలుస్తది. ఇంటర్వ్యూ అయినంక అర్హత మారిందని ఎవరూ చెప్పరు.

మన దగ్గర ఎంబీబీఎస్‌కు ఇంటర్వ్యూ లేదు. లేకపోవుడే మంచిది. తమిళనాడులో మెడికల్ సీట్లకు ఇంటర్వ్యూ మార్కులు వేసిన తీరును 1970లోనే పెరియకరుప్పన్ కేసులో సుప్రీంకోర్టు తప్పు పట్టింది. మన యాస విని ఇంటర్వ్యూ బోర్డులు ఎన్ని మార్కులు వేసేవో పాత తరం ఉద్యోగులను అడిగితే కథలు కథలుగా చెప్తరు. అందుకే ర్యాంకు ఒక్కటే కొలమానం కావుడు పల్లె పిల్లలకు మేలు చేసింది. అయితే ఇంటర్వ్యూ బోర్డు లేని చోట సర్టిఫికెట్ల తనిఖీ కూర్చున్నది. ర్యాంకు వచ్చినంక అసలు ప్రశ్న అక్కడ అడుగుతున్నరు: నువ్వు ఇక్కడి బిడ్డవేనా?

ఆ ప్రశ్న అడగొద్దని మనం అనం. అడగాలనే కొట్లాడినం. 1952లో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర తూటాలు పేలింది దొంగ ముల్కీ సర్టిఫికెట్ల లొల్లి మీదనే. 1973 ఆరు సూత్రాలు, వాటి వెంబడి 371డి, 1974 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చినయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర అని మూడు ప్రాంతాలు చేసి, 85 శాతం సీట్లు ఎక్కడివి అక్కడి పిల్లలకే అన్నరు. కాగితం మీద మంచిగనే ఉన్నది. ఆ 85 శాతం వేటి మీద లెక్కగట్టాలె? వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. దాని తర్వాత తెలంగాణలో మరో సర్కారు మెడికల్ కాలేజీ ఆదిలాబాద్ రిమ్స్, 2008లో. నడుమ 49 ఏండ్లు. అదే కాలంలో తిరుపతి, అనంతపురం, కడప కొత్త కాలేజీలు చూసినయి. ఆరోగ్య విశ్వవిద్యాలయాన్ని 1986లో విజయవాడలో పెట్టిన్రు. ఉస్మానియా, గాంధీల చదివే పిల్ల పట్టా కోసం కూడా కృష్ణ ఒడ్డుకు చూడాల్సి వచ్చింది.

ఇయ్యాల ఆ గోస తీరింది. తీరింది అని ఒప్పుకోవాలె. రాష్ట్రం వచ్చిననాడు ఉన్నవి అయిదు సర్కారు కాలేజీలు. మహబూబ్‌నగర్, సిద్దిపేట, నల్లగొండ, సూర్యాపేట వచ్చినయి. 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది, 2024లో ఎనిమిది. మొత్తం 34. ఆసిఫాబాద్‌ల, ములుగుల మెడికల్ కాలేజీ అంటే 2009లో నవ్వేటోళ్లు. వాటిల్ల పాఠం చెప్పే ప్రొఫెసర్లు సరిపడ ఉన్నరా అన్నది వేరే లొల్లి, దాని మీద ఇంకోసారి రాయాలె. వరంగల్‌ల కాళోజీ పేరు మీద మన విశ్వవిద్యాలయం ఉన్నది. అడ్మిషన్ మన చేతుల్లనే ఉన్నది. మరి మన చేతుల్ల ఉన్న పని ఎట్ల చేస్తున్నం?

2024 సంగతి చూడండి. విభజన చట్టం 95వ సెక్షన్ కింద పాత కోటా పదేండ్లు నడవాలె. ఆ గడువు 2024 జూన్ 2తో అయిపోతదని 2014లోనే అందరికీ తెలుసు. కాలెండర్ చూసెటోనికి ఎవనికైనా తెలుసు. ఆ ఏడు నీట్ మే 5న అయింది, ఫలితం జూన్ 4న వచ్చింది. సర్కారు 33 నంబరు జీవో ఇచ్చింది జూలై 19న. పిల్లలు పరీక్ష రాసి, ర్యాంకు తెలుసుకొని, ఏ కాలేజీ వస్తదో లెక్కలు వేసుకుంటున్న టైంల.

జీవో సారాంశం ఇది. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా వరుసగా నాలుగేండ్లు తెలంగాణలో చదవాలె, ఇంటర్ ఇక్కడే పాస్ కావాలె. అంతకుముందు ఇంకో తోవ కూడా ఉండేది. ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేండ్లల్ల ఎక్కువ ఏండ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఆ తోవ మూసిన్రు. ఎందుకు మూసిన్రో అర్థం చేసుకోవచ్చు. హైదరాబాద్‌ల నాలుగేండ్లు చదివి, ఇంటర్‌కు సొంత రాష్ట్రం పోయి, ర్యాంకు వచ్చినంక మళ్ల ఇక్కడ లోకల్ అనే తీరు ఉమ్మడి రాష్ట్రం పోయినంక చెల్లదు. నియమంల న్యాయం ఉన్నది. సుప్రీంకోర్టు కూడా 2025లో దాన్ని నిలబెట్టింది.

కానీ ఆ వల వేస్తే ఎవరు పడ్డరు? పదో తరగతి దాకా కరీంనగర్‌ల చదివి, ఇంటర్‌కు విజయవాడ, గుంటూరు కార్పొరేట్ క్యాంపస్‌ల పడ్డ మన పిల్లలు కూడా పడ్డరు. ఆ తల్లిదండ్రులు పరాయోళ్లు కాదు. అప్పు తెచ్చి, హాస్టల్ ఫీజు కట్టి, బిడ్డ డాక్టర్ అయితదని పంపినోళ్లు. వాళ్లు పంపిననాడు అమల్ల ఉన్న నియమం ప్రకారం వాళ్ల బిడ్డ లోకలే. రెండేండ్ల కింద చేసిన పనికి ఇయ్యాల నియమం మార్చి శిక్ష వేస్తే ఎట్ల? కోర్టుకు పోయిన్రు. సెప్టెంబర్ 5న హైకోర్టు తెలంగాణ శాశ్వత నివాసులకు ఆ నియమం అడ్డు రావొద్దన్నది. సర్కారు సుప్రీంకోర్టుకు పోయింది. సెప్టెంబర్ 20న స్టే వచ్చింది. కోర్టు మెట్లెక్కిన 135 మందికి ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇస్తమని సర్కారు ఒప్పుకున్నది. వకీలును పెట్టుకునే తాహతు ఉన్నోనికి మినహాయింపు. అదే బాధ ఉండి కోర్టు తోవ తెల్వనోనికి?

2016ను యాది చేసుకోండి. జూలై 9న మెడికల్ ఎంసెట్-2 పెట్టిన్రు, పేపర్ లీకైంది, రద్దయింది. సెప్టెంబర్ 11న ఎంసెట్-3 అన్నరు. నడుమ జూలై 24న నీట్. ఆ బ్యాచ్ పిల్లల ఎండకాలం, వానకాలం రెండూ హాల్ టికెట్ల మీదనే గడిచినయి. అప్పుడు దొంగలు లీకు చేసిన్రు అనుకున్నం. 2024ల దొంగలెవరూ లేరు. ఫైలు ఆలస్యంగ కదిలింది, అంతే.

ఈ ఎదురుచూపు అందరికీ ఒక్కతీరు ఉండదు. పైసలున్న ఇంట్ల జూలైలనే ఫోన్లు మొదలైతయి. బీ కేటగిరీ సీటు ఉన్నది, ఇయ్యాల అడ్వాన్స్ కడితే రేపు ఖాయం అని దళారి అంటడు. ప్రైవేట్ కాలేజీల కన్వీనర్ సీటుకు ఏటా 60 వేలు, బీ కేటగిరీకి 11 లక్షల పైన అన్నది 2024 దాకా నడిచిన లెక్క. ఈ రెండింటి నడుమ ఉన్న తేడానే దళారి బతుకుదెరువు. తల్లిదండ్రి ఎంత భయపడితే ఆయన బేరం అంత గట్టిగ ఉంటది. లిస్టు పది రోజులు లేటైతే ఆయనకు పది రోజుల గిరాకీ. ఇంకొందరు పాస్‌పోర్టు తీసి జార్జియాకో, కిర్గిజ్‌స్తాన్‌కో పంపుతరు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ బంకర్ల నుంచి వచ్చిన పిల్లలను చూసినంక కూడా పంపుతున్నరంటే ఇక్కడ ఎంత ఇరుకున్నదో తెలుస్తనే ఉన్నది.

పైసలు లేని ఇంట్ల ఏం చేస్తరు? అగ్రికల్చర్ బీఎస్సీల సీటు వస్తే చేరాల్నా వద్దా? చేరితే ఒరిజినల్స్ అక్కడ ఇయ్యాలె, ఫీజు కట్టాలె. మెడికల్ వస్తే ఆ కాగితాలు వెనుకకు తెచ్చుకునేందుకు తిరగాలె. చేరకపోతే, మెడికల్ రాకపోతే ఏడాది గాలికి పోతది. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు మళ్ల లక్ష. కూలి ఇంట్ల పుట్టి, గురుకులంల చదివి ర్యాంకు కొట్టిన పిల్లకు ఈ జూదం ఆడే శక్తి ఎక్కడిది? చదివిన చిన్న ప్రైవేట్ బడి కరోనా టైంల మూతపడితే తొమ్మిదో తరగతి బోనఫైడ్ కోసం పాత హెడ్‌మాస్టర్ ఏ ఊర్ల ఉన్నడో వెతుక్కుంట పోవాలె. ఆ పిల్ల అక్కడ చదివిందని పదో తరగతి మెమో బోర్డు దగ్గర ఉన్నది. ఇంటర్ రికార్డు ఇంకో బోర్డు దగ్గర ఉన్నది. రెండు బోర్డులూ సర్కారువే. సర్కారు దగ్గర ఉన్న ముచ్చటకు సర్కారుకే రుజువు తెచ్చియ్యాల్నట.

ఆలస్యం దొంగలకు ఎట్ల అక్కరకు వస్తదో విశ్వవిద్యాలయానికి తెల్వంది కాదు. పీజీ సీట్ల బ్లాకింగ్ మీద 2022 ఏప్రిల్‌ల వరంగల్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది అదే.

ఇగ మినహాయింపుల కథ. ఉద్యోగ మిత్రులు జర ఓపికతో చదవాలె. రాష్ట్ర సర్కారు ఉద్యోగి బయట రాష్ట్రంల పనిచేస్తే ఆయన పిల్లకు మినహాయింపు ఉన్నది. తెలంగాణ కేడర్ ఐఏఎస్, ఐపీఎస్‌ల పిల్లలకు ఉన్నది. సైనికుల పిల్లలకు, రాష్ట్ర కార్పొరేషన్ల ఉద్యోగుల పిల్లలకు ఉన్నది. మంచిదే. బదిలీ వాళ్ల చేతుల్ల లేదు, దానికి పిల్లలను శిక్షించొద్దు. 610 జీవో 1985 డిసెంబర్ 30న వచ్చి, 1986 మార్చి 31 కల్లా అమలు కావాల్సింది దశాబ్దాలు నానింది. ఎదురుచూసుడు ఏందో ఈ దేశంల తెలంగాణ ఉద్యోగికి తెలిసినంత ఎవరికి తెలుసు?

మరి సిరిసిల్ల నుంచి భివండి పోయిన మరమగ్గం కార్మికుడు ఏ బదిలీ ఆర్డర్ మీద పోయిండు? షోలాపూర్, సూరత్ పోయినోళ్లు? పాలమూరు నుంచి ముంబై, పుణె కట్టడాలకు పోయిన కూలీ? వాళ్లను పంపింది కరువు. ఆ కరువు పేరు చెప్పే మనం సభల్ల మైకులు పట్టినం. వలసల మీద పాటలు కట్టినం, ధూంధాంల ఆడినం. ఆ కార్మికుని పిల్ల తొమ్మిది, పది భివండిల చదివి, ఇంటర్‌కు తాత ఇంటికి సిరిసిల్ల వచ్చి చేరితే, నాలుగేండ్ల లెక్కల రెండే తేలుతయి. నాన్ లోకల్. సిరిసిల్లల 2023లో పెట్టిన మెడికల్ కాలేజీల లోకల్ కోట ఆ పిల్లది కాదు. గల్ఫ్ పోయినోళ్ల పిల్లలు నయం, నానమ్మ దగ్గర ఉండి ఇక్కడే చదువుతరు గనుక లోకల్ అయితరు. భార్యాపిల్లలను వెంట తీస్కపోవుడే భివండి కార్మికుని తప్పయింది.

అట్ల తలుపు తెరిస్తే మళ్ల బోగస్ సర్టిఫికెట్లు పుడతయని కొందరు మిత్రులు అంటరు. భయం ఉత్తది కాదు, 1952 నుంచి చూస్తున్నదే. కానీ బోగస్ నివాస పత్రం పుట్టించినంత తేలిక కాదు, తల్లో తండ్రో ముప్పై ఏండ్ల కింద సిరిసిల్ల బడిల చదివిన అడ్మిషన్ రిజిస్టర్ పుట్టించుడు. ఊర్ల రేషన్ కార్డు, ఓటరు లిస్టు ఉన్నయి. చదువుకోని తల్లిదండ్రులైతే ఉపాధి హామీ జాబ్ కార్డు ఉండొచ్చు, గుంటెడు భూమి ఉంటే పాసుబుక్కు ఉంటది. వీటిల్ల ఏ రెండు చాలో రాసి పెట్టండి. ఐఏఎస్ అధికారికి సర్వీసు సర్టిఫికెట్ చాలన్నప్పుడు కూలీకి ఏది చాలో చెప్పే బాధ్యత సర్కారుదే. హైకోర్టు 2024లో శాశ్వత నివాసి అన్న మాట వాడినప్పుడు, అట్లా అంటే ఎవరో తేల్చే మార్గదర్శకాలు సర్కారే చేసుకోవచ్చన్నది. చేసుకుంటే ఏం పోయేది?

అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. లోకల్ అవునా కాదా అన్నది నీట్ ర్యాంకు మీద ఆధారపడి లేదు. ఇంటర్ ఫస్టియర్‌ల చేరిన రోజే సగం తెలుస్తది, సెకండియర్ పరీక్ష ఫీజు కట్టిన రోజు మొత్తం తెలుస్తది. ఆ ఫీజు రసీదుతోనే స్థానికత పత్రం కూడా చేతికియ్యండి. తేడా ఉంటే పిల్ల అప్పుడే అప్పీలు పెట్టుకుంటది, ఫిబ్రవరిల, మార్చిల. జూలైల కాదు. నియమం మార్చాల్సి వస్తే మార్చండి, కానీ అప్పుడు ఎనిమిదో తరగతిల ఉన్న పిల్లల నుంచి వర్తిస్తదని రాయండి. తొమ్మిదిల ఎక్కడ చేరాల్నో వాళ్ల అమ్మానాన్న చూసుకుంటరు.

విద్యార్థి సంఘాలు ఏటా లిస్టు లేటైనంక విశ్వవిద్యాలయం గేటు ముందట కూర్చుంటున్నయి. ఈసారి నీట్ దరఖాస్తు తెరవకముందే పోవాలె. పోయేటప్పుడు ఉద్యోగ సంఘాల నాయకులు కూడా వెంట రావాలె, తమ పిల్లలకు దొరికిన మినహాయింపు కాగితం పట్టుకొని. ఆ కాగితంల ఒక్క వరుస చేర్చమని అడగాలె: బతుకుదెరువుకు వలస పోయిన తెలంగాణ కూలీల, కార్మికుల పిల్లలు.