మనవాళ్లు చేస్తే వ్యూహం

రాష్ట్రపతి రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే పార్లమెంటు ఆయన్ను అభిశంసించవచ్చు. సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులను తొలగించడానికీ ఒక దారి ఉంది. గవర్నర్లకు ఆ భయం లేదు. ఢిల్లీ దయ ఉన్నంతకాలం వాళ్ల కుర్చీకి ఢోకా ఉండదు. స్పీకర్‌ను దించాలంటే సభలో మెజారిటీ కావాలి. ఆయన్ను అక్కడ కూర్చోబెట్టిందే ఆ మెజారిటీ కాబట్టి ఆ ముచ్చట తీరదు. ఇక ఒక గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీ పంచన చేరిన ఎమ్మెల్యేను వెనక్కి పిలిచే హక్కు ఓటరుకు లేనేలేదు. చట్టంలో ఇన్ని సందులున్నచోట అధికారాన్ని అదుపులో పెట్టాల్సింది జనమే. ఆ పని తెలుగువాళ్లం ఒక్కసారి చేశాం. ఆ తర్వాత నలభై ఏళ్లుగా చెయ్యలేదు. ఈ తప్పును ఏ ఒక్క పార్టీ ఖాతాలోనో రాసేసి చేతులు దులుపుకోలేం.

1984 ఆగస్టు 16న, గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి అప్పుడే తిరిగొచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీ రామారావును గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి, ఆయన పార్టీ నుంచే చీలిన నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. సభలో బలం చూపించుకునే అవకాశం రామారావుకు ఇవ్వలేదు. ఆయన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లారు. తాను చక్రాల కుర్చీలో ఉండి, రాష్ట్రపతి జైల్‌సింగ్ ఎదుట వాళ్లందరినీ చూపించారు. ఇక్కడ ఊరూరా బందులు, ఊరేగింపులు. ఆ నెలాఖరుకు రామ్‌లాల్ వెళ్లిపోయి శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. చట్టంలో లేని అభిశంసనను జనం వీధిలో జరిపించారు. ఆ కథను ఇప్పటికీ మీసం మెలేసి చెప్పుకుంటాం.

ఆ కథలో చెప్పుకోని భాగం ఒకటుంది. గెలిచాక ఇళ్లకు వెళ్లిపోయాం. గవర్నరు ఎవరి ప్రోద్బలంతో ఆ పని చేశారో విచారణ జరిపించమని పట్టుబట్టలేదు. బలాబలాలు రాజ్‌భవన్‌లో కాదు, సభలోనే తేలాలన్న సూత్రం గట్టిపడటానికి 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తీర్పు దాకా ఆగాల్సొచ్చింది. ఇక ఆ నెల రోజులూ ఎమ్మెల్యేలు చేజారిపోకుండా రామారావు వాళ్లను మొదట రామకృష్ణా స్టూడియోలో, తర్వాత కర్ణాటకలో ఉంచారు. అప్పటి అవసరం అలాంటిది. కాని ఎమ్మెల్యే అంటే కాపలా పెట్టి దాచుకోవాల్సిన మనిషి అన్న సంగతి మనకు అప్పుడే తెలిసింది. తెలిసీ సిగ్గుపడలేదు, చప్పట్లు కొట్టాం.

పదకొండేళ్ల తర్వాత, 1995 ఆగస్టులో, అదే రామారావును దించడానికి వైస్రాయ్ హోటల్లో క్యాంపు నడిచింది. అది వెన్నుపోటా, పార్టీని కాపాడుకోవడమా అన్న వాదన నేటికీ తెగలేదు. నేను అడిగేది వేరు. ఎమ్మెల్యేలను హోటల్లో పెట్టి ముఖ్యమంత్రులను మార్చే పద్ధతి సరైనదేనా అని ఆనాడు మనం ఎందుకు వీధికెక్కలేదు? కొందరికి రామారావు భార్య లక్ష్మీపార్వతి నచ్చలేదు, కొందరికి రామారావు తీరు నచ్చలేదు, కొందరికి కొత్త నాయకుడు నచ్చాడు. నచ్చడం, నచ్చకపోవడం దగ్గరే ఆగిపోయాం. 1984లో కూడా మనం కాపాడుకున్నది మనకు నచ్చిన మనిషినేగాని రాజ్యాంగ సూత్రాన్ని కాదని ఆ మౌనమే చెబుతోంది.

ఈలోగా 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. తీర్పు చెప్పే అధికారం స్పీకర్ చేతిలో పెట్టారు. గడువు మాత్రం పెట్టలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఆ చట్టానికి పట్టిన గతి చూడండి. తెలుగుదేశం గుర్తు మీద గెలిచిన తలసాని శ్రీనివాసయాదవ్ 2014 డిసెంబర్‌లో టీఆర్‌ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఇది ప్రజాస్వామ్య ఖూనీ అని తెలుగుదేశం గగ్గోలు పెట్టింది. 2017 ఏప్రిల్‌లో అమరావతిలో అదే తెలుగుదేశం, వైసీపీ గుర్తు మీద గెలిచిన నలుగురిని మంత్రుల్ని చేసింది. రెండు ప్రమాణాలూ చేయించిన గవర్నరు ఒక్కరే, నరసింహన్. వైసీపీ నుంచి అలా వెళ్లినవాళ్లు మొత్తం 23 మంది. 2019లో తెలుగుదేశానికి 23 సీట్లే వస్తే అది దేవుడి స్క్రిప్ట్ అని నవ్వుకున్నాం. రాజీనామా చేసి వస్తేనే తీసుకుంటామని ముఖ్యమంత్రి అయిన వైసీపీ నేత జగన్ సభలో అన్నారు. ఆయన హయాంలోనే తెలుగుదేశం ఎమ్మెల్యేలు నలుగురు కండువా ఊసెత్తకుండా అధికారపక్షం వైపు చేరారు. వాళ్లమీద అనర్హత వేటు పడింది 2024 ఫిబ్రవరిలో. ఎన్నికలు మేలో. అదే సభలో గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామాను 2024 జనవరిలో, రాజ్యసభ ఎన్నికల ముంగిట ఆమోదించారు.

హైదరాబాద్‌లో ఇంకా నేర్పుగా జరిగింది. 2018లో కాంగ్రెస్ గెలిచింది 19 సీట్లు. మూడింట రెండొంతుల మంది వెళ్తేనే విలీనం, అంటే 13 మంది కావాలి. ఎంపీగా గెలిచిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి 2019 జూన్ 5న ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. మిగిలింది 18, కావాల్సింది 12. మర్నాడే 12 మంది సంతకాలతో స్పీకర్‌కు లేఖ అందింది, అదే రోజు టీఆర్‌ఎస్‌లో విలీనం పూర్తయింది. ఫిరాయింపు ఫిర్యాదుల మీద ఏళ్ల తరబడి కదలని కార్యాలయానికి ఆ లేఖ మీద ఒక్క రోజు చాలింది. కాంగ్రెస్ నేత భట్టి విక్రమార్క ఇందిరాపార్కు దగ్గర నిరాహారదీక్షకు కూర్చున్నారు. 2024లో ఆయన ఉప ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వం వైపు బీఆర్‌ఎస్ (అప్పటి టీఆర్‌ఎస్) ఎమ్మెల్యేలు పదిమంది నడిచారు. ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ ఆ పదవిలో ఉంటూనే కాంగ్రెస్ టికెట్ మీద సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. అయిదేళ్ల కిందట పన్నెండు మందిని కలిపేసుకున్న పార్టీ ఈసారి న్యాయం కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌ను ఆదేశించాల్సి వచ్చింది.

ఇందులో రాజకీయ నాయకుల పాపం ఎంతో అందరికీ తెలుసు. మన వాటా సంగతి చూద్దాం. మా పత్రికలవాళ్లం దీన్ని ‘ఆపరేషన్ ఆకర్ష్’ అని వాళ్ల మాటల్లోనే రాశాం. ఎవరు ఎప్పుడు దూకుతారో ముందే చెప్పగలగడం గొప్ప రిపోర్టింగ్ అనుకున్నాం. దూకినాయన ‘నియోజకవర్గ అభివృద్ధి కోసమే’ అంటే అచ్చేసి ఊరుకున్నాం. ఆ మాటలో ఉన్న అసలు నేరం, ప్రతిపక్ష ఎమ్మెల్యే ఊరికి రోడ్డు వెయ్యరన్న బెదిరింపు, మాకు వార్తగా కనిపించలేదు. ఓటర్లం దాన్ని నమ్మేశాం. ‘అధికార పార్టీలో ఉంటేనే పనులవుతాయి’ అని మనమే ఎమ్మెల్యేకు సలహా ఇచ్చాం. పెన్షనూ ఇల్లూ రోడ్డూ మన పన్నుల సొమ్మని, ఎవరికి ఓటేసినా అవి రావాలని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. ఓటుకు నోట్లు తీసుకున్నాక ఆ అడిగే గొంతు కూడా పెగల్లేదు. చదువుకున్నవాళ్లం, విదేశాల్లో ఉన్నవాళ్లం, ఫోన్లలో మన పార్టీ తరఫున పూనకంతో వాదించాం. మనవాళ్లు లాక్కుంటే వ్యూహం, అవతలివాళ్లు లాక్కుంటే ద్రోహం. అవతలి పార్టీ చేసిన పనిని మన పార్టీ చేసిన పనికి జవాబుగా చూపించాం.

ఎన్నికల్లో శిక్షించాం కదా అంటారు. కొందరు ఓడిన మాట నిజమే. కాని అది గాలి వాటం. 2018లో తలసాని గెలిచారు. 2019లో కాంగ్రెస్‌ను వదిలిన సబితా ఇంద్రారెడ్డి 2023లో గెలిచారు. ఫిరాయింపు మనకు ఓటు నిర్ణయించే విషయమే కాలేదు. స్పీకర్‌కు బదులు స్వతంత్ర ట్రిబ్యునల్ పెట్టే సంగతి ఆలోచించమని సుప్రీంకోర్టు 2020లోనే పార్లమెంటుకు సూచించింది. ఓటు అడగడానికి గుమ్మంలోకి వచ్చిన అభ్యర్థిని దాని గురించి మనలో ఎంతమందిమి అడిగాం?

ఇప్పుడు 1984 నాటి సాహసం కూడా అక్కర్లేదు. అవతలి పార్టీ ఎమ్మెల్యే మన పార్టీలోకి వస్తున్నాడని తెలిసిన రోజున, దండ పట్టుకుని ఎదురెళ్లకుండా, రాజీనామా చేసి రమ్మని మన నాయకుడితోనే చెప్పగలగాలి. వినకపోతే అతనికి వచ్చే ఎన్నికలో మన ఓటు పడదని కూడా చెప్పాలి. అవతలి పార్టీని నిలదీసే పని నలభై ఏళ్లుగా మహా జోరుగా చేస్తూనే ఉన్నాం. దానివల్ల ఒక్క గోడదూకుడూ ఆగలేదు.